వెయ్యి టన్నుల్లో అర గ్రాము

మా అమ్మ నీసు ముట్టి పదిహేనేళ్లయింది. నాన్న పోయిన ఏడాది మానేసింది, అంతే. గుడ్డు కూడా తినదు. కేకులో గుడ్డుంటుందని మనవల పుట్టినరోజుకి కూడా చిన్న ముక్క నోట్లో పెట్టుకోదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఫారం కోడి గురించి ఏదో ఒక వీడియో వచ్చినప్పుడల్లా "అందుకే మేం నాటుకోడే తింటాం" అనేవాళ్లు ఒక వైపు, "అందుకే మేం అసలు తినం" అనేవాళ్లు ఇంకో వైపు చేరతారు. ఆ రెండో జట్టుకి అమ్మే కెప్టెన్.

అలాంటి అమ్మకి మూత్రంలో మంట మొదలైంది. వీధి చివరి మందుల షాపులో చెబితే ఒక స్ట్రిప్ చేతిలో పెట్టారు. మూడు రోజులు వేసుకుంది, తగ్గినట్టే అనిపించింది, మిగిలినవి స్టీలు డబ్బాలో దాచింది. రెండు వారాలకి మళ్లీ మంట. డబ్బాలోవి తీసి వేసుకుంది. ఈసారి ఫలితం లేదు. తెలిసిన ఆర్‌ఎంపీ ఇంకో రకం ఇచ్చాడు, ఐదు రోజులు. దానికీ తగ్గలేదు. ఇదంతా అయ్యాక నాకు ఫోన్ చేసింది. "నీకెందుకులే టెన్షన్ అని చెప్పలేదురా" అంది.

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లాను. డాక్టరుగారు మందుల పేర్లు అడగలేదు. "కల్చర్ చేయించారా?" అన్నారు. చేయించలేదు. మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో తేల్చే పరీక్ష అది. ఆ మాటే ఎవరూ అనలేదు మాతో.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఈ.కొలై అనే బ్యాక్టీరియా, మిల్లీలీటరుకి లక్షకు పైగా. పక్కనే ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అని అచ్చు, అంటే పెన్సిలిన్, సెఫ్ రకం మందుల్ని విరగ్గొట్టే ఎంజైము దాని దగ్గరుందని. కింద మందుల జాబితా, ఒక్కో మందుకి ఎదురుగా ఒక అక్షరం. ఎస్ ఉంటే ఆ మందుకి లొంగుతుంది, ఆర్ ఉంటే లొంగదు. యాంపిసిలిన్ ఆర్. కోట్రైమాక్సజోల్ ఆర్. సిప్రోఫ్లోక్సాసిన్ ఆర్, అది ఆర్‌ఎంపీ ఇచ్చింది. సెఫిక్సైమ్ ఆర్, అది షాపులో ఇచ్చింది. సెఫ్‌ట్రయాక్సోన్ ఆర్. పదో తరగతి మార్కుల లిస్టులో ఫెయిలైన సబ్జెక్టుల మీద వేలు నడిపినట్టు నడిపాను. మెరోపెనెమ్, అమికాసిన్ దగ్గర ఎస్ ఉంది కానీ అవి రెండూ ఇంజెక్షన్లు. నోటితో వేసుకునేవాటిలో ఎస్ ఉన్నవి రెండే: ఫాస్ఫోమైసిన్, నైట్రోఫ్యూరాంటాయిన్.

డాక్టరుగారు రెండోది రాశారు. వంద మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక, ఏడు రోజులు. మూత్రం ముదురు రంగులో వస్తే కంగారు పడొద్దని కూడా చెప్పారు. రెండో రోజు అలాగే వచ్చింది, అమ్మ కంగారు పడింది, నాకు ఫోన్ చేసింది. నాలుగో రోజుకి మంట పోయింది. ఏడు రోజులూ వేసుకుంది, నేను రోజూ రెండుపూటలా అడిగాను కాబట్టి.

ఈ నైట్రోఫ్యూరాంటాయిన్ అనే పేరు గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

"ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందండీ ఇది, అమ్మ చికెన్ కూడా తినదు" అని అడిగితే ఆయన నవ్వారు. "మీ పేగుల్లోనూ ఉండొచ్చు, నా పేగుల్లోనూ ఉండొచ్చు. ఊరుకున్నంతసేపూ మనకి తెలీదు" అన్నారు.

ఊరికే అన్న మాట కాదది. 2012-13లో నెదర్లాండ్స్ పరిశోధకులు రెండు వేల మంది ప్రయాణికుల్ని పరీక్షించారు. విదేశం వెళ్లే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి. వెళ్లేటప్పుడు పేగుల్లో ఈ ఈఎస్‌బీఎల్ రకం లేనివాళ్లలో మొత్తం మీద మూడో వంతు మందికి తిరిగొచ్చేసరికి అది అంటుకుంది. మన దేశమూ చుట్టుపక్కల దేశాలూ చూసి వెళ్లినవాళ్లని విడిగా లెక్కేస్తే నలుగురిలో ముగ్గురు. జబ్బేమీ లేదు వాళ్లకి. ఊరికే మోసుకెళ్లారు. సగం మందికి నెల తిరిగేసరికి పోయింది, పదిమందిలో ఒకరికి ఏడాదైనా పోలేదు. కొన్ని వారాలు తిరిగి వెళ్లినవాళ్లకే అలా ఉంటే, ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్లు తాగి, ఇక్కడి పానీపూరీ తిని, ఇక్కడి బస్సు కడ్డీ పట్టుకుని పెరిగిన మన సంగతేంటి? అమెరికా నుంచి వచ్చే మా చెల్లి బాటిల్ నీళ్లతో పళ్లు తోముకుంటే మేమంతా ఎగతాళి చేస్తాం. ఇక చేయకూడదేమో.

కాబట్టి "ఫలానాది తినకపోతే మనం సేఫ్" అనే మాట నేను ఒప్పుకోను. ఆ మాట వెనక ఒక తికమక ఉంది. మందు అవశేషం వేరు, మందుకి లొంగని బ్యాక్టీరియా వేరు. మొదటిది కోడికో రొయ్యకో వాడిన యాంటీబయాటిక్ మాంసంలో కొంచెం మిగిలిపోవడం. రెండోది ఆ మందుల మధ్య బతికి బట్టకట్టిన సూక్ష్మజీవి. కూర బాగా ఉడికితే సూక్ష్మజీవి చస్తుంది. అవశేషం మాత్రం ఉడికినంత మాత్రాన పూర్తిగా పోతుందని చెప్పలేం. వీడియోల్లో ఈ రెండింటినీ కలిపేసి, ఉడికిన లెగ్ పీస్ మీద ఎర్ర బాణం గుర్తు వేస్తారు.

ఆ ఎర్ర బాణం వేయాల్సిన చోటు వేరే. ఆదివారం పొద్దున ఏ ఇంట్లోనైనా చూడండి. షాపులో మొద్దు మీద కొట్టిన కోడి నల్ల కవర్లో వస్తుంది. దాన్ని సింకులో వేసి, పంపు పూర్తిగా తిప్పి, మూడు నీళ్లు కడుగుతాం. ఆ తుంపరలు పక్కనే ఆరబెట్టిన గిన్నెల మీద పడతాయి. అదే చాకు, అదే చెక్క. చాకు పంపు కింద ఒకసారి ఆడించి దాంతోనే ఉల్లిపాయ, కీరా, నిమ్మకాయ కోస్తాం. కోడి గంటసేపు ఉడుకుతుంది. ఉల్లిపాయ ఉడకదు. బిర్యానీ పార్సిల్‌తో వచ్చే ఉల్లి ముక్కలు ఏ చెక్క మీద కోశారో నాకు తెలీదు, మీకూ తెలీదు. నాటుకోడి అయినంత మాత్రాన ఈ కథేమీ మారదు. దాని పేగుల్లోనూ ఈ.కొలైయే ఉంటుంది, అదే సింకులో పడుతుంది.

దీనికి "చాకు వేరే పెట్టుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి" అని చెప్పి వ్యాసం ముగించొచ్చు. పెట్టుకోండి, కడుక్కోండి, నేనూ అదే చేస్తున్నాను. కానీ సమస్య మొత్తాన్ని తీసుకెళ్లి వంటింట్లో ఆడవాళ్ల నెత్తిన పెట్టడం నాకు నచ్చదు. ఆ చాకు మీదికి అంత మొండి జీవి ఎలా వచ్చిందో ముందు అడగాలి.

కొలిస్టిన్ కథ తీసుకుందాం. 1950ల నాటి మందు. కిడ్నీల్ని దెబ్బతీస్తుందని మనుషులకి వాడటం దాదాపు మానేశారు. తర్వాత మెరోపెనెమ్ లాంటివి కూడా పనిచేయని రోగులు ఐసీయూల్లో కనబడేసరికి అటక మీది మందుని దించాల్సి వచ్చింది, చివరి అస్త్రంగా. మనుషులకి అది చివరి అస్త్రమైన కాలంలోనే పందులకీ కోళ్లకీ మేతలో కలిపారు. జబ్బు చేసినప్పుడే కాదు, తొందరగా బరువు పెరగాలని కూడా. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు కొలిస్టిన్‌ని ఓడించే ఎంసీఆర్-1 అనే జన్యువుని పందుల్లో, దుకాణాల్లోని మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో చూశామని ప్రకటించారు. అది ప్లాస్మిడ్ మీద ఉంది. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా లోపల విడిగా తిరిగే చిన్న డీఎన్ఏ ఉంగరం. ఒక బ్యాక్టీరియా దాని నకలు తీసి పక్కదానికి ఇచ్చేస్తుంది. పక్కది తన జాతిదే కానక్కర్లేదు. పరీక్ష హాల్లో స్లిప్పు ఒకరి నుంచి ఇంకొకరికి పాకినట్టు. కోడి పేగుల్లోని అమాయకపు ఈ.కొలై రాసుకున్న స్లిప్పు రేపు ఐసీయూలో క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా చేతికి అందొచ్చు. అందుకే "కోళ్ల మందు కోళ్లకే, మనుషుల మందు మనుషులకే" అనే ధైర్యం పనికిరాదు.

మన దేశం 2019 జులైలో ఆహారానికి పెంచే జంతువులకి, కోళ్లకి, చేపలు రొయ్యలకి, మేతకి కొలిస్టిన్ వాడకాన్ని, దానికోసం తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. మంచి పనే. ఒక్కో మందునీ ఇలా అంతా అయ్యాక నిషేధించుకుంటూ పోతే ఎంతకాలం పడుతుందో లెక్కేసుకోవాలి.

ఇక్కడే చాలామంది నిట్టూరుస్తారు. "మన దేశంలో ఇవన్నీ అయ్యేవి కావు సార్. రైతుకి చదువు లేదు, షాపువాడికి భయం లేదు, ప్రభుత్వానికి పట్టదు." ఈ మాట నేను కూడా చాలాసార్లు అన్నాను. మా బావ చెరువు గట్టు మీద కూర్చున్నాక అనడం మానేశాను.

బావకి ఉండి దగ్గర ఆరెకరాల రొయ్యల చెరువుంది. వనామీ రకం రొయ్య వేస్తాడు. అమ్మకి తగ్గిన వారం అక్కడికెళ్లాను. పట్టుబడి దగ్గర పడింది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయి, ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. పట్టుబడికి ముందు రోజులన్నీ అంతే, ఆకాశం వైపు చూడటం, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూడటం, రేటు కోసం ఫోన్ చూడటం. ఒక కుర్రాడు నాలుగు మూలలా వల విసిరి శాంపిల్ తీసి ఐసు డబ్బాలో సర్దుతున్నాడు. ల్యాబుకి వెళ్లాలి. ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల్ని చూసే కేంద్ర సంస్థ) వాళ్ల ఎలైసా ల్యాబులు ఇలా పట్టుబడికి ముందే రొయ్యల్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. యూరప్ వెళ్లే సరుకుకి ఆ కాగితం తప్పనిసరి.

"దేనికి చూస్తారు బావా?"

"క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్" అన్నాడు, టీ తాగుతూ. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. రెండు పేర్లూ తడబడకుండా పలికాడు.

నైట్రోఫ్యూరాన్. నేను ఫోన్ తీసి అమ్మ ప్రిస్క్రిప్షన్ ఫొటో చూశాను. అదే కుటుంబం. యూరప్ ల్యాబుల్లో రొయ్యల్ని పరీక్షించే నైట్రోఫ్యూరాన్ గుర్తుల్లో ఒకటి నైట్రోఫ్యూరాంటాయిన్‌ది. మా అమ్మకి మిగిలిన రెండు నోటి మందుల్లో ఒకటి. రొయ్యలో అది ఉండకూడదనడానికి కారణం వేరే. ఆ కుటుంబం మందులు దీర్ఘకాలంలో క్యాన్సర్ తెస్తాయన్న అనుమానం ఉంది. క్లోరాంఫెనికాల్ అరుదుగా ఎముక మజ్జనే దెబ్బతీస్తుంది. ఎంత కొంచెమైతే ఫరవాలేదో చెప్పలేని మందులు కాబట్టి తిండి జంతువులకి అసలే వద్దన్నారు. అయితే చెరువులోకి మందు పోయడం ఆగితే ఆ నీళ్లలోని బ్యాక్టీరియాకి మొండితనం నేర్చుకునే అవసరమూ తగ్గుతుంది. ఒకందుకు పెట్టిన తూకం ఇంకోదానికీ పనికొచ్చింది.

ఆ తూకం ఎంత సన్నదో చూడండి. యూరప్ ఇప్పుడు నైట్రోఫ్యూరాన్‌కి పెట్టిన గీత కిలోకి అర మైక్రోగ్రాము. అంటే వెయ్యి టన్నుల రొయ్యల్లో అర గ్రాము. పది టన్నుల లారీలు వంద వరుసగా నిలబెట్టి, వాటన్నిటిలో కలిపి చిటికెడు మందు దొరికినా సరుకు వెనక్కే. 2016లో మన చెరువు రొయ్యల మీద అనుమానం పెరిగి, అంతకుముందు పదిలో ఒక లాటుని తనిఖీ చేసే యూరప్ సగం లాటుల్ని తనిఖీ చేయడం మొదలుపెట్టింది.

"ఒకప్పుడు షాపోడు ఏదిస్తే అది మేతలో కలిపేవోళ్లంరా" అన్నాడు బావ. "రొయ్య కొంచెం నీరసంగా తిరిగితే చాలు. ఇప్పుడు కంటైనర్ వెనక్కొస్తే ఆ కంపెనీ మనిషి మళ్లీ నా గట్టెక్కడు."

అందరూ మారిపోయారని నేననను. ఇప్పటికీ అక్కడా ఇక్కడా సరుకు తిరస్కరణకి గురవుతూనే ఉంది. కానీ అదే జిల్లా, అదే రైతు, అదే ఉక్కపోత, అదే అప్పు. చదువు పెరగలేదు, దేశభక్తి పెరగలేదు. కొనేవాడు అడిగాడు, అడిగినదాన్ని కొలిచాడు, తేడా వస్తే డబ్బు పోయింది. అంతే, రైతు నేర్చుకున్నాడు, ల్యాబులు వచ్చాయి, కాగితం వచ్చింది. "మన దగ్గర అవ్వదు" అన్నది అబద్ధమని చెప్పడానికి నాకు ఆ ఐసు డబ్బా చాలు.

మరి మన పళ్లేనికి? గట్టు పక్కనే ఇంకో చెరువు, చేపలది. శీలావతి, బొచ్చె. అవి ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్‌కి, అస్సాంకి వెళ్తాయి, కొన్ని మన సంతకి వస్తాయి. వాటిని పట్టేముందు ఎవరూ శాంపిల్ తీయడం నేను చూడలేదు. 2018లో చేప పాడవకుండా ఫార్మాలిన్ అనే రసాయనం వాడుతున్నారన్న గొడవ వచ్చి అస్సాం కొన్నాళ్లు మన చేపని ఆపేసినప్పుడు మాత్రం నాలుగు రోజులు హడావిడి నడిచింది. బ్రాయిలర్ కోడి సంగతి ఇంకా చిత్రం. చాలాచోట్ల పిల్లలూ మేతా మందులూ కంపెనీవే. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. కిలోకి ఇంత అని కూలి వస్తుంది. మేత బస్తాలో ఏం కలిసిందో రైతుకే తెలియనప్పుడు అతణ్ని దోషిగా నిలబెట్టి ఏం లాభం? 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) వాళ్లు ఢిల్లీ చుట్టుపక్కల కొన్న 70 కోడి నమూనాల్ని పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించాయి. మన ఆహార భద్రత సంస్థ కూడా 2018లో గీతలు గీసింది, 2025 ఏప్రిల్ నుంచి ఇంకా బిగించింది. కాగితం మీద మనకీ తూకం ఉంది. తూచేవాడు ఎన్నిసార్లు వస్తున్నాడన్నదే నా ప్రశ్న.

నీళ్ల మాట ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థాల్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లని పరీక్షించారు. సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి అయ్యాక! ఆ వైపు నీళ్లు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కణ్నుంచి గోదావరిలోకి చేరతాయి. 2020 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీ నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలు లేవు. 2010లో మందుల్ని పనిచేయనివ్వని ఒక బ్యాక్టీరియా ఎంజైముకి న్యూఢిల్లీ పేరు పెట్టారని పార్లమెంటు దాకా మండిపడ్డాం. ఈ అంకెలు మాయమైన రోజు మా గ్రూపులో ఒక్క మెసేజ్ కూడా రాలేదు, గుడ్ మార్నింగులు తప్ప.

అమ్మ స్టీలు డబ్బా దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఇందులో మా ఇంటి వాటా కూడా ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫిక్సైమ్ లాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అమ్మ పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. నేను ఆ షాపుకెళ్లి గట్టిగానే అడిగాను. "ఇవ్వకపోతే పక్క షాపులో తీసుకుంటారండీ, మా బేరం పోతుంది" అన్నాడాయన. కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే బావ అన్నదానికి ఇది తిరగేసిన రూపమే. ఒక్కడే రూలు పాటిస్తే వాడి బేరం పోతుంది. అందరి మీదా ఒకేసారి తూకం పడితే ఎవడి బేరమూ పోదు. కేరళ 2024లో మందుల షాపుల మీద వరసపెట్టి తనిఖీలు చేసింది. మందులూ అవే, గిరాకీ చేసే మనుషులూ మనలాంటివాళ్లే.

ఖర్చు పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. కోడి కిలోకి కొంత పెరగొచ్చు. పేదవాడికి చవగ్గా దొరికే మాంసం అదే కాబట్టి ఆ భారం ఎవరు మోయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్నే, నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ ఇప్పుడు పరీక్ష లేకుండా తింటున్నదీ ఆ పేదవాడే, రేపు మాత్రలన్నీ ఆర్ అయిపోతే రోజూ ఇంజెక్షన్‌కి ఆసుపత్రి మెట్లెక్కాల్సిందీ అతనే. ప్రపంచం మొత్తం మీద 2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా చంపినవాళ్లు 12.7 లక్షల మంది అని అంచనా. వాళ్లలో ఎందరు బిర్యానీ తిన్నారో ఎవరూ లెక్కేయలేదు. అక్కర్లేదు కూడా.

ఆ సాయంత్రం బావ ఇంటికి రొయ్యలు కట్టిచ్చాడు. చిన్న సైజువి, కంపెనీ తీసుకోనివి. "ఇవి ల్యాబుకెళ్లాయా బావా" అని అడిగితే "మనకెందుకురా ల్యాబు" అన్నాడు. నిజానికి ఒకే చెరువు కాబట్టి ఒకే సరుకు. అతను అన్నది ఆ అర్థంలో కాదు.

హైదరాబాద్ వచ్చాక పది రూపాయల పోస్టల్ ఆర్డరు తీసి, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పంపాను. గత మూడేళ్లలో మా జిల్లాలో అమ్మే కోడి, గుడ్లు, చేపలు, పాలు ఎన్ని నమూనాలు యాంటీబయాటిక్ అవశేషాల కోసం ల్యాబుకి పంపారు, ఎన్ని తప్పాయి, తప్పినవాళ్ల మీద ఏం చేశారు. మూడే ప్రశ్నలు. ముప్పై రోజుల గడువు వచ్చే మంగళవారంతో అయిపోతుంది. అమ్మ రోజూ అడుగుతోంది, జవాబు వచ్చిందా అని. తను తినదు కదా, నీకెందుకే అంటే, "స్టీలు డబ్బా కడిగి బోర్లించాను, ఇక నీ వంతు" అంటోంది.